"ఇక్కడే పుట్టాను" అంటే సరిపోదు

మా అమ్మాయి పుట్టింది వర్జీనియాలో, ఫెయిర్‌ఫాక్స్ కౌంటీలో. పోయినేడు బడిలో ఒక పిల్లాడు "మీ దేశానికి మీరు పోండి" అన్నాడట. ఇంటికొచ్చి, వీపు మీది బ్యాగు కూడా దించకుండా చెప్పింది. పదకొండేళ్ళ పిల్లాడికి ఆ మాట సొంతంగా పుట్టదు. 2019 జూలైలో అధ్యక్షుడు ట్రంప్ ప్రతినిధుల సభలోని నలుగురు మహిళలను, మీరొచ్చిన చోటికే పోయి ముందు అక్కడ బాగుచేయండని ట్వీట్ చేశాడు. వాళ్ళలో ముగ్గురు అమెరికాలో పుట్టినవాళ్ళే. సభ 240–187 ఓట్లతో ఆ మాటను ఖండించింది. ఖండించిన సంగతి ఏ పిల్లాడికీ తెలియదు, మాట మాత్రం స్కూల్ బస్సు దాకా వచ్చేసింది.

"నేనిక్కడే పుట్టానని చెప్పు" అన్నాను. నోటికొచ్చిన మొదటి జవాబు అదే.

ధైర్యం వస్తుందని సిద్ధార్థ్ సంగతి కూడా చెప్పాను. 2006 ఆగస్టులో వర్జీనియా సెనేటర్ జార్జ్ అలెన్ ఒక ప్రచార సభలో మాట్లాడుతున్నాడు. ఎదుట ఇరవయ్యేళ్ళ ఎస్.ఆర్. సిద్ధార్థ్, ప్రత్యర్థి జిమ్ వెబ్ తరఫున కెమెరా పట్టుకుని నిలబడ్డాడు. అలెన్ అతని వైపు చూపించి "మకాకానో, పేరేదో" అన్నాడు. అది ఒక కోతి జాతి పేరు. పైగా, అమెరికాకు స్వాగతం అన్నాడు. సిద్ధార్థ్ మా అమ్మాయిలాగే ఫెయిర్‌ఫాక్స్ కౌంటీ బిడ్డ. అలెనే కాలిఫోర్నియాలో పుట్టాడు! ఆ మాట సిద్ధార్థ్ చేతిలోని కెమెరాలోనే రికార్డయింది. గెలుపు ఖాయమనుకున్న అలెన్ పదివేల లోపు ఓట్లతో ఓడిపోయాడు.

అంతా విని మా అమ్మాయి, "మరి నువ్వు ఇక్కడ పుట్టలేదు కదమ్మా. నిన్ను అంటే ఏం చెప్పాలి?" అంది.

నా దగ్గర సమాధానం లేదు. ట్రంప్ అన్న ఆ నలుగురిలో నాలుగో ఆమె, ఇల్హాన్ ఒమర్, సోమాలియా నుంచి శరణార్థిగా వచ్చింది. నేను నేర్పిన జవాబు మా అమ్మాయిని లోపల ఉంచి, ఆమెనూ నన్నూ గడప అవతల నిలబెట్టింది.

ఈ వేసవిలో మిర్యాలగూడ వెళ్ళాం. మా అన్న రైస్ మిల్లులో లెక్కలు చూస్తాడు. యాసంగి వడ్లు వచ్చి మిల్లు ఊపిరాడకుండా ఉంది. ఇప్పుడు అక్కడ బస్తాలు మోసేవాళ్ళలో చాలామంది బీహార్ నుంచి వచ్చిన హమాలీలు. ఒకాయన గోనె సంచిని కొప్పెరలా తలమీదుగా వేసుకుని వచ్చాడు. కనురెప్పల వెంట్రుకల దాకా తవుడు దుమ్ము. మా అమ్మాయి చూస్తోందని ఆగి, అప్పుడే మిషన్లోంచి పడుతున్న బియ్యం ఒక గుప్పెడు తెచ్చి దాని దోసిట్లో పోశాడు. బియ్యం వెచ్చగా ఉన్నాయని పిల్ల ఆశ్చర్యపోయింది.

"ఆయన పేరేంటి మామయ్యా?"

"ఏమో బిడ్డా, బీహారోడు. ఎవడు ఏడికెళ్ళి వచ్చిండో తెల్వది. వీళ్ళందర్ని రైలెక్కించి తోలాలె" అన్నాడు అన్న.

పిల్ల నా ముఖంలోకి చూసింది.

మా అన్న చెడ్డవాడు కాదు. 2017లో మాజీ ఎంపీ తరుణ్ విజయ్ ఒక టీవీ చర్చలో, మాకు జాతి వివక్షే ఉంటే దక్షిణాదివాళ్ళతో ఎట్లా కలిసి బతుకుతాం, మా చుట్టూ నల్లవాళ్ళున్నారు కదా అన్నాడు. తర్వాత క్షమాపణ చెప్పాడనుకోండి. ఆ రోజు "మనల్ని లెక్కలో వేరే పెడతడా" అని అరగంట ఫోన్లో మండిపడ్డది ఈ అన్నే. ఆ కోపం న్యాయమైనది. 2020 లాక్‌డౌన్‌లో మిల్లులకు మనుషులు దొరకనప్పుడు, బీహార్ నుంచి రైల్లో వచ్చిన హమాలీలకు లింగంపల్లి స్టేషన్‌లో మంత్రులు పూలిచ్చి స్వాగతం చెప్పారు. ఆ సంగతీ అన్నకు తెలుసు.

రాత్రి డాబా మీద పడుకున్నప్పుడు అడిగాను. "అన్నా, నేను కూడా ఏడికెళ్ళో పోయినదాన్నే కదా. అక్కడ నన్ను రైలెక్కించాలె అంటే నీకెట్లుంటది?"

"నువ్వు చదువుకొని పోయినవ్. వాళ్ళు వేరు" అన్నాడు.

ఏం వేరో నాకు అర్థం కాలేదు, అదే చెప్పాను. తను అటు తిరిగి పడుకున్నాడు. పక్కన పిల్ల ఇంకా నిద్రపోలేదని నాకు తెలుసు.

తిరిగి వచ్చాక ప్రతి ఆదివారం వీడియో కాల్‌లో మా అమ్మాయి ఒకే మాట అడిగేది: "బియ్యం ఇచ్చినాయన పేరు కనుక్కున్నావా మామయ్యా?" వారాల తరబడి అన్న నవ్వి మాట దాటేశాడు. దీపావళి వెళ్ళాక వచ్చిన ఆదివారం మాత్రం అది అడగకముందే చెప్పాడు, ఆయన ఛఠ్ పండక్కి ఊరికి పోయాడని, వానాకాలం వడ్లు మిల్లుకు చేరేసరికి వస్తానన్నాడని. ఆయన్ని పేరుపెట్టే చెప్పాడు.