ఇది అందరికీ ఎక్కదట!

నిన్న సాయంత్రం తేలిపోయింది. బీరు కాచి అక్కడే అమ్మే ఒక బ్రూవరీలో, ఇది తేడాగా ఉందన్నందుకు ‘దీని స్టైలే అంత, అందరికీ ఎక్కదు’ అని నా నోరు మూయించారు. ఆ బీరులో ఉన్నది స్టైలూ కాదు, మహత్తూ కాదు. కడగని పైపు! ఇన్నాళ్లూ లోపల రగిలింది ఇప్పుడిప్పుడే చల్లారుతోంది కాబట్టి, పూర్తిగా ఆరకముందే రాసి పడేస్తున్నాను. చిన్న బ్రూవరీలు తిరిగి వింత బీర్లు రుచి చూద్దామని బయల్దేరేవాళ్లకి పనికొస్తే సంతోషం.

మొదట్లో చెప్పుకోదగ్గ కష్టమేమీ లేదు. ఫోన్‌లో మ్యాప్ తెరిస్తే చుట్టుపక్కల బ్రూవరీలు కనిపిస్తాయి, వెళ్లి కూర్చోవడమే. పెద్ద గ్లాసు తీసుకోకుండా, నాలుగైదు రకాలు చిన్న గ్లాసుల్లో పోసి ఇచ్చే ‘ఫ్లైట్’ అడగండి. తేలికవి ముందు, చేదువీ ఘాటువీ చివర్లో. మరీ చల్లగా ఉంటే నాలుక మొద్దుబారుతుంది, కాసేపు ఆగి తాగండి.

ఏళ్ల తరబడి ఒకే రకం లాగర్, అంటే ఎక్కడైనా దొరికే మామూలు బీరు, తాగినవాణ్ణి కదా, జర్మన్ తరహా గోధుమ బీరు నన్ను బోల్తా కొట్టించింది. గ్లాసు ముక్కు దగ్గరికి తేగానే అరటిపండు వాసన, వెనకే లవంగం. ఏం కలిపారండీ అని అడిగితే, బీరు కాచే ఆయనే బయటికొచ్చి ఏమీ కలపలేదన్నాడు. అదంతా బీరుని పులియబెట్టే సూక్ష్మజీవి, ఈస్ట్ పనితనమట. పులిసేటప్పుడు ఆ రకం ఈస్ట్ ఐసోఅమైల్ అసిటేట్ అనే పదార్థాన్ని పుట్టిస్తుంది. అరటిపండుకి ఆ వాసన వచ్చేదీ ముఖ్యంగా దానివల్లే. స్టౌట్ అనే నల్ల బీరులో కాఫీ వాసన కూడా చాలాసార్లు బాగా నల్లబడేదాకా వేయించిన బార్లీదే, కాఫీది కాదు. నల్లగా ఉంది కదా కిక్కు ఎక్కువనుకోకండి. ఐరిష్ తరహా డ్రై స్టౌట్‌లో ఆల్కహాల్ 4 శాతం అటూ ఇటూగా ఉంటుంది. బంగారు రంగులో అమాయకంగా కనబడే కొన్ని బెల్జియం బీర్లు 8 దాటతాయి. 1516లో బవేరియాలో చేసిన చట్టం బీరులో బార్లీ, హాప్స్ (చేదు కోసం వేసే పూలు), నీళ్లు తప్ప ఇంకేమీ వాడకూడదంది. అసలు పనంతా చేసే ఈస్ట్ ఊసే అందులో లేదు, పాపం!

పుల్లటి బీర్లు కూడా నాకు త్వరగానే అలవాటయ్యాయి. గోజ అని ఒకటుంది, జర్మనీదే. గోధుమ బీరులో ఉప్పు, ధనియాలు వేస్తారు. లాక్టోబాసిల్లస్ బ్యాక్టీరియా దానికి పులుపు తెస్తుంది. బ్రస్సెల్స్ చుట్టుపక్కల చేసే లాంబిక్‌దయితే ఇంకో తీరు. కాచిన ద్రవాన్ని చలికాలం రాత్రి లోతులేని వెడల్పాటి తొట్లలో తెరిచి వదిలేస్తారు. గాల్లోంచి, ఆ చుట్టూ ఉన్న కొయ్యలోంచి వచ్చిన సూక్ష్మజీవులే దాన్ని పులియబెడతాయి. తర్వాత చెక్క పీపాల్లో ఏడాది నుంచి మూడేళ్ల దాకా ఉంచుతారు. మొదటి గుక్కకి మొహం ముడుచుకుపోయింది, రెండో గుక్కకి గ్లాసు వదలబుద్ధి కాలేదు. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, పులుపంటే తెలియని మనిషిని కాదు నేను. కానీ ఒకచోట నన్ను అలాగే జమకట్టారు.

ఆ బ్రూవరీ పేరు చెప్పను. నోరు దురదగానే ఉంది, అయినా చెప్పను. మెనూలో సేజాన్ కనిపిస్తే ఆర్డరిచ్చాను. బెల్జియంలో ఫ్రెంచి మాట్లాడే వలోనియా పల్లెల నుంచి వచ్చిన రకమది. తీపి దాదాపు ఉండదు, బుడగలు ఎక్కువ, మిరియాల లాంటి చిన్న ఘాటు. ఇదంతా చదువుకునే వెళ్లాను. గ్లాసు ఎత్తగానే కరిగిన వెన్న వాసన గుప్పుమంది. తాగితే నాలుకంతా జిడ్డుగా జారింది. మింగాక గొంతులో వెనిగర్ లాంటి పులుపు. మిరియాల జాడే లేదు.

కౌంటర్ దగ్గరికెళ్లి, “ఇందులో ఏదో తేడాగా ఉంది, ఒకసారి చూడండి” అని మర్యాదగానే అడిగాను. ఆ అబ్బాయి గ్లాసు తీసుకుని లైటుకి ఎదురుగా పెట్టి చూశాడు. వాసన మాత్రం చూడలేదు. ఇది గుర్తుపెట్టుకోండి.

“వైల్డ్ ఈస్ట్ సార్. దీని స్టైలే అంత.”

“వెన్న వాసన కూడా స్టైలేనా?”

“మీరు మామూలు లాగర్ తాగేవారనుకుంటాను. ఇది అందరికీ ఎక్కదు సార్.”

బార్ స్టూళ్ల మీద కూర్చున్నవాళ్లు కిసుక్కుమన్నారు. ఒకాయన గ్లాసు నావైపు ఎత్తి మరీ తాగాడు. నాతో వచ్చిన మావాడన్నా వెనకేసుకొస్తాడేమో అనుకుంటే, ఓ గుక్క తాగి, “బాగానే ఉంది కదరా, నీకన్నీ అనుమానాలే” అన్నాడు. ఇంక ఏం మాట్లాడతాను? గ్లాసు పట్టుకుని తలవంచుకుని వచ్చి కూర్చున్నాను. సగం తాగి వదిలేశాను, బిల్లు మాత్రం మొత్తం కట్టాను. బయటివాడు నవ్వితే పట్టించుకోను. కానీ నా నాలుక మీద నాకే అనుమానం పుట్టించాడు చూడండి, అది మాత్రం చాలా రోజులు తొలిచింది. తర్వాత ఏ బ్రూవరీలో ఏం తాగినా, బాగా లేదనిపిస్తే నోరు మెదిపేవాణ్ణి కాదు.

చివరికి ఆ గోధుమ బీరు ఆయన్నే వెళ్లి అడిగాను. వెన్న అనేసరికి మాట పూర్తి కానివ్వలేదు. “డైఅసిటైల్” అన్నాడు. ఆ వెన్న వాసన తెచ్చే పదార్థం పేరది. ప్రతి బీరు పులిసేటప్పుడూ అది కొంత పుడుతుందట, ఓపికపడితే ఈస్టే దాన్ని మళ్లీ తినేస్తుంది. అందుకే చివర్లో ట్యాంకు వేడి కాస్త పెంచి కొన్ని రోజులు ఆగుతారు. తొందరపడి చల్లబరిస్తే వెన్న మిగిలిపోతుంది. కొన్ని చెక్ లాగర్లలో కొద్దిగా ఉన్నా తప్పు పట్టరట, సేజాన్‌లో మాత్రం దానికి చోటు లేదన్నాడు. వెన్నతో పాటు పులుపు కూడా ఉందంటే కౌంటర్‌లోని ట్యాప్‌కి బీరు తెచ్చే పైపుల్లో బ్యాక్టీరియా చేరి ఉండొచ్చట. ఆ పైపుల్ని రెండు వారాలకోసారైనా శుభ్రం చేసే రసాయనం వేసి కడగాలి. ఇంకో మాటా చెప్పాడు, అది వినగానే ప్రాణం లేచొచ్చింది. డైఅసిటైల్ కొందరికి చిటికెడున్నా తెలుస్తుంది, కొందరికి ఎంతున్నా పట్టదు. మావాడి సంగతి అదన్నమాట! “అదే బీరు డబ్బాలో కూడా అమ్ముతుంటే, రెండూ పక్కపక్కన పెట్టి చూడండి” అన్నాడు.

నిన్న వెళ్లి అదే చేశాను. ట్యాప్‌ది ఒకటి, డబ్బాది ఒకటి, రెండు ఖాళీ గ్లాసులు. డబ్బా బీరు పొడిగా, ఘాటుగా, పొందిగ్గా ఉంది. అంత మంచి సేజాన్ నేనింకా తాగలేదు. ట్యాప్‌ది షరా మామూలే, వెన్న. అదే అబ్బాయి కౌంటర్‌లో ఉన్నాడు. ఈసారి అతన్ని అడగలేదు. రబ్బరు బూట్లు వేసుకుని ట్యాంకుల గదిలోంచి వస్తున్న బ్రూవర్‌ని ఆపి, రెండు గ్లాసులూ చేతికిచ్చి, “ఈ రెండూ ఒకటేనా అండీ?” అన్నాను. ఆయన మొదటిది వాసన చూశాడు, రెండోది చూశాడు, మళ్లీ మొదటిది చూశాడు. మాట్లాడకుండా కౌంటర్ వెనక్కి వెళ్లి ఆ ట్యాప్ కట్టేశాడు. పైపులు ఎప్పుడు కడిగారని అడిగితే అబ్బాయి ఫోన్ వైపు చూశాడు, గోడ వైపు చూశాడు, చివరికి నావైపు చూశాడు. బ్రూవర్ సారీ చెప్పి ఇంకో డబ్బా తెచ్చిచ్చాడు. ఆ అబ్బాయి నోటి నుంచి మాత్రం ఒక్క ముక్క రాలేదు. చెప్పుకుంటే గొప్పలంటారు గానీ, అంతమంది తాగిన ట్యాప్‌లో లోపం పట్టింది నా ముక్కే.

కొత్తగా వచ్చినవాణ్ణి నీకు తెలియదని నోరు మూయించి సరుకు అమ్ముకోవడం ఏం వ్యాపారమో నాకర్థం కాదు. అమ్మేవాడు ఏదన్నా ‘స్టైల్’ అన్నాడంటే ఆ స్టైల్లో ఉండాల్సిన రుచులేమిటో చెప్పమనండి. నిజంగా తెలిసినవాడు ఉత్సాహంగా చెబుతాడు. తెలియనివాడు మీ అర్హత గురించి మాట్లాడతాడు. పూర్తి గ్లాసు తీసుకునే ముందు ఒక గుక్క శాంపిల్ అడగండి, మొహమాటపడొద్దు. పోశాక గ్లాసు లోపలి అంచులకి బుడగలు అతుక్కుని ఉంటే అది సరిగా కడగని గ్లాసు, మార్చమనండి. ఎండలో, లైట్ల కింద పెట్టిన ఆకుపచ్చ సీసాల జోలికి పోకండి. వెలుతురు తగిలితే హాప్స్‌లోని చేదు పదార్థాలు విరిగి పాడు కంపు వస్తుంది. రేటింగ్ యాప్‌లు చూసి వెళ్లేవాళ్లకి నేనేం చెప్పలేను, ఆ సేజాన్‌కి అందులో మంచి మార్కులే ఉన్నాయి. బండి మాత్రం ఇంట్లోనే వదిలి వెళ్లండి. చిన్న గ్లాసులే కదా అనుకుంటాం గానీ, అన్నీ కలిస్తే చిన్నవేం కాదు.

ఇంతా చేసి నాకు లొంగనిది ఒక్కటే మిగిలింది, బాంబర్గ్ తరహా పొగ బీరు. మాల్ట్‌ని, అంటే మొలకెత్తించిన బార్లీని, బీచ్ అనే చెట్టు కట్టెల మంట మీద ఆరబెడతారు కాబట్టి ఆ పొగ గ్లాసు దాకా వస్తుంది. అందులో ఏ లోపమూ లేదని ఒప్పుకుంటాను, ఉండాల్సిన తీరులోనే ఉంది. ఆ గోధుమ బీరు ఆయన వచ్చే నెల ఆ పొగ బీరే ఒక పీపా కాస్తున్నాడట, మావాణ్ణి కూడా తీసుకెళ్తాను.