గోశాల శనివారాలు

మన బడి పూర్వ విద్యార్థుల సంచికకు ఏదైనా రాసి పంపమని కార్యవర్గం వారు కోరగానే, పర్లాకిమిడిలో మనం చదువుకున్న ఏళ్ళన్నింటిలోనూ నాకు గుర్తుకు వచ్చినవి సైన్సు మాస్టారు మనల్ని గోశాలకు తీసుకువెళ్ళిన శనివారాలే.

మొదట్లో మాస్టారు మనల్ని ఏ జంతువునూ ముట్టుకోనివ్వలేదు. దూరంగా కూర్చోబెట్టి, తోక, చెవులు, కళ్ళు, నడక అని నోటు పుస్తకంలో నాలుగు గడులు గీయించారు. ‘కుక్క కోపంగా ఉంది’ అని రాస్తే కొట్టివేసి, ‘కంటికి కనబడింది రాయండి’ అనేవారు. తోకను పొట్ట కిందికి ముడుచుకోవడం, చెవులు వెనక్కి వాల్చడం, ఎదుట తిండి లేకపోయినా పెదవులు నాక్కోవడం భయానికి గుర్తులు కావచ్చునని, భయపడిన కుక్క తప్పించుకునే దారి లేనప్పుడు కరుస్తుందని అలా తెలుసుకున్నాం. కాడి ఒరిసి మూపు పుండుపడిన తెల్ల ఎద్దును (దానికి మనం ఎవరి పేరు పెట్టామో ఇక్కడ రాయను) ఉప్పునీటితో కడిగేటప్పుడు, దాని చర్మం వణికితే చెయ్యి ఆపి, అది నిదానించిన తరువాతే మళ్ళీ తాకేవాళ్ళం.

ఒక శనివారం మాస్టారు 1960 నాటి జంతుహింస నివారణ చట్టంలోని 11వ సెక్షను చదివించారు. మొదటిసారి పట్టుబడినవాడికి 50 రూపాయలకు మించి జరిమానా లేదని విని మనం మండిపడ్డాం. అప్పుడాయన, ‘మీ ఇళ్ళలో, మీ వీధుల్లో ఈ ఎద్దులాగే చెయ్యి ఎత్తితే చాలు వణికేవాళ్ళు ఉన్నారా?’ అని అడిగారు. లేచి నిలబడిన మన తరగతి కుర్రాడెవరో మీకందరికీ తెలుసు. మాస్టారు అందరి ముందూ అతనిని ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. సాయంత్రం సైకిలు నడిపించుకుంటూ అతనితో పాటు ఇంటి దాకా వెళ్ళారు. ఆ తరువాత ఆ ఇంటికి ఆయన రాకపోకలు ఆగలేదు. అతని తల్లి నిర్భయంగా వీధి అరుగు మీద కూర్చోవడం మన పదో తరగతి నాటికే చూశాం.

నేను ఇప్పుడు బరంపురంలో కుటుంబ సలహాదారుగా పనిచేస్తున్నాను. 2005 నాటి గృహహింస చట్టం కింద సాయం కోరి వచ్చే తల్లుల వెంట పిల్లలుంటే, ఇంట్లో కుక్కో మేకో ఉందా, దానినెవరైనా కొడతారా అని ముందుగా అడుగుతాను. తమ మీద పడిన దెబ్బలు చెప్పలేని పిల్లలు దాని మీద పడినవి చెబుతారు. చాలా ఇళ్ళ కథ నాకు అక్కడే మొదలయింది, కొందరిని సకాలంలో బయటికి తీసుకురాగలిగాను కూడా. మా కాలనీ తొమ్మిదో తరగతి పిల్లలను శనివారాలు పశువుల ఆశ్రయానికి తీసుకువెళుతున్నాను. వాళ్ళ పుస్తకాల్లోనూ ఆ నాలుగు గడులే. పర్లాకిమిడిలో, పాతపట్నంలో ఉన్న మనవాళ్ళెవరైనా అక్కడ కూడా మొదలుపెడతామంటే, మొదటి వారాలు నేను వచ్చి ఉంటాను.