ఎఫ్2 నొక్కితే బిల్లు సేవ్ అవ్వాలి

నాలుగు రోజులుగా వేధిస్తున్న చిక్కు నిన్న రాత్రి విడిపోయింది. ఆ సంతోషం ఇంకా తగ్గలేదు.

మా పెదనాన్న హార్డ్‌వేర్ షాపుకి జావా స్వింగ్‌లో (విండోలు, బటన్లు తయారుచేసుకునే జావా లైబ్రరీ) బిల్లింగ్ ప్రోగ్రామ్ రాస్తున్నాను. ఆయన అడిగింది ఒక్కటే: "మౌస్ ముట్టుకోకుండా బిల్లు అయిపోవాలిరా, సాయంత్రం కౌంటర్ దగ్గర పది మంది నిలబడతారు."

విండోలో మిగతా గడులన్నిటినీ పట్టి ఉంచే ప్యానెల్‌కి కీలిజనర్ (కీ నొక్కితే గమనించే కోడ్) పెట్టాను. ఇంట్లో బాగానే పనిచేసింది. షాపులో కస్టమర్ పేరు టైప్ చేయడం మొదలుపెట్టగానే ఎఫ్2 పలకలేదు. ఫోకస్, అంటే అప్పుడు టైపింగ్ అందుకుంటున్న చోటు, ఎక్కడుంటే కీ అక్కడికే వెళ్తుంది. ప్యానెల్‌కి కబురే అందదు. నాకు ఒకటే టెన్షన్.

అప్పుడు కీ బైండింగ్స్ గురించి చదివాను. ఇన్‌పుట్‌మ్యాప్‌లో కీకి ఒక పేరు, యాక్షన్‌మ్యాప్‌లో ఆ పేరుకి ఒక పని, అంటే యాక్షన్. మధ్యలో ఆ పేరు ఉండటం ఎంత చక్కటి ఆలోచనో! రేపు ఎఫ్9 కావాలన్నా పని చేసే కోడ్‌ని కదపక్కర్లేదు. అదే యాక్షన్‌ని సేవ్ బటన్‌కీ ఇచ్చాను. బిల్లు ఖాళీగా ఉన్నప్పుడు ఆ యాక్షన్‌ని డిసేబుల్ చేస్తే బటన్, కీ రెండూ ఒకేసారి ఆగిపోతాయి.

బైండింగ్‌ని విండో మొత్తానికీ వర్తించేలా పెట్టాక అన్నిచోట్లా పనిచేసింది, సరుకుల టేబుల్‌లో తప్ప! ఆ టేబుల్ స్వింగ్‌లోని జేటేబుల్, దానికి ఎఫ్2 అంటే మొదటినుంచీ గడిని ఎడిట్ చేయడం. విండో కంటే ముందు మాట దానిదే. అందుకే టేబుల్ సొంత మ్యాప్‌లలో కూడా ఎఫ్2కి నా సేవ్ యాక్షన్‌నే పెట్టాను.

ఈరోజు సాయంత్రం పెదనాన్న వరసగా బిల్లులు కొట్టారు. మౌస్ పక్కనే పడి ఉంది.