రాత్రి రెండింటికి గోడకు కాళ్లు ఆనించి

నాకు ఒంట్లో ఆవిర్లు 48వ ఏట మొదలయ్యాయి. ఖమ్మంలో ఏప్రిల్ ఎండలు. క్లాసులో బోర్డు మీద రాస్తుంటే ఛాతీలోంచి సెగ లేచి మెడ, చెవుల దాకా పాకింది. రెండు మూడు నిమిషాల్లో జాకెట్టు తడిసిపోయింది. ఎండ వల్లే అనుకున్నాను. డిసెంబరులో కూడా అర్ధరాత్రి దుప్పటి తన్నేసి ఫ్యాన్ వేస్తుంటే, మావారే డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లారు.

ఆమె థైరాయిడ్ కూడా పరీక్ష చేయించి, ముట్లు ఉడిగే దశ అన్నారు. ఈస్ట్రోజెన్ అనే హార్మోను తగ్గేసరికి, ఒంటి వేడిని చూసుకునే మెదడు భాగం చిన్న తేడాకే చెమట పట్టించేస్తుందట. బాధ మరీ ఎక్కువైతే మందులున్నాయి, ముందు నిద్ర కోసం యోగా మొదలుపెట్టండి అన్నారు.

దగ్గర్లోని ఒక క్లాసులో చేరాను. మొదటిరోజే 12 సూర్యనమస్కారాలు, ఆపైన పొట్ట లోపలికి లాగుతూ ఊపిరి విసురుగా వదిలే కపాలభాతి, అదీ వేగంగా. మూడోరోజు మధ్యలోనే ఆవిర్లు వచ్చి కళ్లు తిరిగాయి. మానేశాను.

సంక్రాంతికి వచ్చిన మా పెద్ద వదిన విని, "నీకిప్పుడు ఆ పరుగు వద్దమ్మా, నిదానంగా చేసేవి చాలు" అని దగ్గర కూర్చుని నేర్పింది. మోకాళ్ల కింద మడతపెట్టిన బొంత వేసుకుని, పిల్లిలా చేతులు, మోకాళ్ల మీద ఉండి, శ్వాసతో పాటు నడుము పైకీ కిందికీ కదిపే మార్జాలాసనం. తర్వాత వీపు కింద రెండు దిండ్లు, తొడల కింద చెరొకటి పెట్టుకుని, అరికాళ్లు కలిపి మోకాళ్లు పక్కలకు వాల్చి పడుకునే సుప్త బద్ధకోణాసనం. అందులో పొత్తికడుపు వదులవుతుంటే ఎన్నాళ్లుగా బిగబట్టుకుని తిరుగుతున్నానో తెలిసింది. ఆపైన గోడకు కాళ్లు ఆనించి విపరీతకరణి, ఐదు నిమిషాలు. బీపీ, గ్లకోమా అనే కంటిజబ్బు ఉన్నవాళ్లు ఇది డాక్టరును అడిగే చేయాలి. నాలుకను గొట్టంలా చుట్టి గాలి పీల్చే శీతలి ప్రాణాయామానికి నా నాలుక చుట్టుకోదు. అందుకని పళ్ల సందుల్లోంచి గాలి పీల్చే శీత్కారి చేస్తాను. చివర్లో తుమ్మెదలా ఝుమ్మంటూ ఊపిరి వదిలే భ్రామరి, శవాసనం. మొత్తం అరగంట.

మూడు వారాలు ఏ తేడా లేదు. నాలుగో వారంలో ఒకరోజు తెల్లారి ఐదింటికి అలారం మోగితే గానీ మెలకువ రాలేదు. ఎంత సంతోషమేసిందో! ఆవిర్లు మాత్రం పోలేదు, ఇప్పటికీ వస్తాయి. యోగాతో అవి మాయమైపోతాయని ఎవరైనా చెబితే నేను ఒప్పుకోను. కానీ రాత్రి రెండింటికి చెమటతో లేచినప్పుడు ఇదివరకు గుండె దడతో తెల్లారేదాకా మేలుకునేదాన్ని. ఇప్పుడు లేచి గోడకు కాళ్లు ఆనిస్తాను, ఊపిరి నెమ్మదిగా వదులుతాను, మళ్లీ నిద్ర పడుతుంది.

మా అమ్మ ఈ వయసులో వంటింటి గచ్చు మీద చెంగు పరుచుకుని పడుకునేది. మొన్న అడిగితే, "అప్పుడు ఎవరికి చెప్పుకుంటామే" అంది.

నెలసరి ఆగి నాకు 12 నెలలు నిండాయి. ఇకమీదట చుక్క రక్తం కనిపించినా వెంటనే రమ్మన్నారు డాక్టరమ్మ. ఆ మాట మా స్టాఫ్ రూంలో అందరికీ చెప్పాను.