మూడు గొంతుల్లో ఒకే పాట

డిసెంబర్ రెండో ఆదివారం. చర్చి నుంచి వచ్చేసరికి పన్నెండున్నర దాటింది. అమ్మ అరిసెల పాకం ముందు నిలబడి ఉంది. పాకం పట్టేటప్పుడు ఆమెను పలకరించకూడదు. బీరువా మీది అట్టపెట్టె దించుకుని హాల్లో కూర్చున్నాను. అందులో నాన్న కొన్న క్యాసెట్లు, నేను కొన్న సీడీలు ఉన్నాయి. ఇంటింటికీ తిరిగి క్రిస్మస్ పాటలు పాడే క్యారల్స్ రౌండ్స్‌కి వెళ్లే వ్యాన్‌లో వేయడానికి ఈ రాత్రికల్లా పాటలు ఏరాలి.

ముందు చేతికొచ్చింది అమెరికన్ గాయకుడు జిమ్ రీవ్స్. 1963లో వచ్చిన పన్నెండు క్రిస్మస్ పాటల ఆల్బం. మా క్యాసెట్‌లో రీలు ఒకచోట నలిగింది. అక్కడికి రాగానే ఆయన గొంతు నీళ్లలో మునిగి లేచినట్టవుతుంది. ఆయన గొంతెత్తి పాడడు. మైకుకి దగ్గరగా, పక్కన కూర్చున్న మనిషితో చెప్పుకున్నట్టు పాడతాడు. ఇంగ్లీషు పెద్దగా రాని నాన్నకి కూడా ఒక్కో మాటా విడివిడిగా అందేది. ఆల్బం వచ్చిన మరుసటి ఏడాదే రీవ్స్ విమాన ప్రమాదంలో పోయాడు, నలభై ఏళ్లకే.

అందులోని ‘మేరీస్ లిటిల్ బాయ్ చైల్డ్’ నా పెట్టెలో మూడు గొంతుల్లో ఉంది. రాసింది జెస్టర్ హెయిర్‌స్టన్ అనే నల్లజాతి సంగీతకారుడు. మొదట ఒక స్నేహితుడు అడిగితే పుట్టినరోజు వేడుక కోసం కట్టిన బాణీ అది, తర్వాత క్రిస్మస్ పాటయింది. పుట్టినరోజు బాణీ కాబట్టే అందులో అంత చనువు ఉందేమో అనిపిస్తుంది నాకు. 1956లో గాయకుడు హ్యారీ బెలఫాంటే దాన్ని జోలపాటంత నెమ్మదిగా పాడాడు. 1978లో బోనీ ఎం అనే పాటల బృందం వాళ్లు డిస్కో దరువు కట్టారు. మా వీధిలో పిల్లలు స్టార్‌కి రంగుకాగితాలు అంటిస్తూ గెంతింది ఆ దరువుకే. వ్యాన్‌లో బోనీ ఎం ఉండాల్సిందే. కానీ ఒంటరిగా వినాలంటే నాకు బెలఫాంటేనే. చివర్లో ఆయన గొంతు తగ్గించే చోట ఇవాళ రెండుసార్లు వెనక్కి తిప్పుకున్నాను.

పాకం దింపి అమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. “శుద్ధరాత్రి పెట్టవే,” అంది. ‘సైలెంట్ నైట్’ అమ్మకి ఎప్పుడూ ‘శుద్ధరాత్రి’నే. క్రైస్తవ కీర్తనల పుస్తకంలో చదువుకుని పెరిగిన మనిషి. దాని తెలుగు రికార్డింగులు నా దగ్గర నాలుగున్నాయి. నాలుగింట్లోనూ కీబోర్డు హోరు ఎక్కువ. రెండు వినేసరికి అమ్మే ఆపమంది. తర్వాత వాయిద్యం లేకుండా తనే మొదటి చరణం పాడింది. నేను రెండో గొంతు కలిపాను.

ఆ పాట మొదట వినిపించిందీ ఇంచుమించు ఇలాగే. 1818 క్రిస్మస్ ముందురోజు రాత్రి, ఆస్ట్రియాలోని ఓబర్న్‌డార్ఫ్ గుడిలో. మాటలు రాసిన ఫాదర్ యోసెఫ్ మోర్, స్వరం కట్టిన బడిపంతులు గ్రూబర్ ఇద్దరే పాడారు. వాయిద్యం మోర్ చేతిలోని గిటారొక్కటే. ప్రతి చరణం చివర మాత్రం కొయిర్ బృందం అందుకుంది.

మా రౌండ్స్‌లో ఆఖరి ఇల్లు ఒక పెద్దావిడది. మంచం దిగలేదు. అక్కడికి చేరేసరికి రాత్రి ఒంటిగంట దాటుతుంది. ఏటా ఆవిడ మంచం పక్కన డప్పు, డోలక్ మోగిస్తాం. ఈసారి వద్దనుకున్నాను. తమ్ముడికి ఫోన్ చేసి, గిటార్‌కి కొత్త తీగలు వేయించి ఉంచమన్నాను.