రెండింతల స్పీడ్‌ల పాడిండు

"అన్నా, ఇంకొక్క టేక్" అననంగనే నీళ్లు గూడ తాగకుండ లేసి నిలబడ్డడు మా రాపర్ అన్న. నల్గొండ కాడ పానగల్లు ఉదయసముద్రం చెరువు కట్ట మీద, పొద్దుగాల ఆరున్నరకు.

కాలేజ్ ప్రాజెక్ట్ వీడియో మాది. బీటేమో గ్రైమ్ అనే రాప్ తీరుది, లండన్ల పుట్టింది, నిమిషానికి 140 బీట్లు, మామూలుగ పాడితేనే ఊపిరాడదు. ఇగ స్లోమోషన్‌ల పెదాలు మాటకు కలవాల్నంటే సెకనుకు 50 ఫ్రేములు (బొమ్మలు) తీసి 25 లెక్కన సగం స్పీడ్‌ల నడిపియ్యాలె, అంటే షూట్ చేసేటప్పుడు పాట రెండింతల స్పీడ్‌ల మోగాలె, అన్న గూడ గంతే స్పీడ్‌ల పాడాలె.

తొమ్మిది టేకులు. మెడ నరాలు ఉబ్బినయ్. పాటల ఒక లైన్ వాళ్ల నాయనమ్మ మీద రాసుకున్నడు, బోరు నీళ్లల్ల ఫ్లోరైడ్‌తోని మోకాళ్లు వంగిపోయినయ్ ఆమెకు. మిగతా లైన్లల్ల తడబడ్డడు గానీ అది మాత్రం ఒక్కసారి గూడ తప్పలే.

బర్లు తోలుకపోతున్న ఒక తాత ఆగి "గంత జల్ది చెప్తే ఎట్ల బిడ్డా, జర మెల్లగ చెప్పరాదు" అన్నడు.

ఇప్పుడే రూంల ఎడిట్‌ల పెట్టి చూసిన. ఎనక నీళ్ల మీదికెళ్లి కొంగ మెల్లగ లేస్తుంది, ముంగట అన్న పెదాలు "నాయనమ్మ" అనే మాటకు సరిగ్గ కలిసినయ్. ఇంక కలర్ చెయ్యాలె, కటింగ్ చెయ్యాలె, శానా పనుంది, అయినా ఆ నాలుగు సెకన్లే తిప్పి తిప్పి చూస్తున్న.

అన్నకు పంపిన. "నాయనమ్మకు సూపెట్టినంక చెప్త తమ్మీ" అని రిప్లై పెట్టిండు.