పుచ్చిన దుంగ

ఆగస్టు సెలవులకు లండన్ నుంచి భీమిలిలో మా నాన్నగారింటికి వచ్చిన మూడోరోజే తాతకీ మనవరాలికీ గొడవ. నాన్న లేత కొబ్బరిచెట్టు మొవ్వులోకి ఇనుప కొక్కెం పెట్టి కొమ్ముపురుగును లాగి కింద పడేశారు. నల్లగా మెరుస్తూ, తలమీద కొమ్ముతో, వెల్లకిలా పడి కాళ్లు కొట్టుకుంటోంది. తొమ్మిదేళ్ల మా అమ్మాయి అడ్డం నిలబడింది. "తాతయ్యా, చంపకూడదు!"

మా అమ్మాయి తప్పు లేదు. లండన్‌లో మా పెరటి మూలన దుంగలు సగం పాతి ఉంటాయి, స్టాగ్ బీటిల్ అనే పెంకుపురుగు కోసం. దాని పిల్లపురుగు మట్టిలో పుచ్చిన చెక్క తింటూ మూడేళ్ల నుంచి ఏడేళ్ల దాకా ఉంటుంది. పెద్దయ్యాక ఒక్క వేసవే బతుకు, గట్టి తిండి ముట్టదు. పచ్చని చెట్టు జోలికి పోదు. నేను ఆ దుంగ కదిపితే మా అమ్మాయి ఊరుకోదు.

ఇక్కడ లెక్క తిరగబడింది. కొమ్ముపురుగు పిల్ల కూడా పుచ్చిన మానులో, పెంటకుప్పలో పెరిగేదే. అప్పుడు చెట్టుకేమీ కాదు. రెక్కలొచ్చాకే మొవ్వు తొలుస్తుంది. నాన్న ఒక ఆకు వంచి చూపించారు, కత్తెరతో కోసినట్టుంది. "హుద్‌హుద్ తుఫానుకి ఎన్ని చెట్లు పడ్డాయనుకున్నావు? తీయకుండా వదిలేసిన మానులన్నీ వీటికి పురిటిళ్లే" అన్నారు. 2014 అక్టోబరులో నేను లండన్‌లో ఫోను పట్టుకుని కూర్చున్నాను, నాకా మాట తెలియదు. "అది వేరే జాతి లేవే" అని అమ్మాయికి సర్దిచెప్పాను. సర్దిచెప్పడంలో నాది అందె వేసిన చెయ్యి.

సాయంత్రం వరండా లైటు దగ్గర గోడకి గోధుమరంగు సీతాకోకచిలుక వాలింది, రెక్కమీద కంటిచుక్కలతో.

"అమ్మా, మన స్పెకిల్డ్ వుడ్!"

కాదు, ఈవెనింగ్ బ్రౌన్. దాని చుట్టమే. లండన్‌లో స్పెకిల్డ్ వుడ్ మగవి చెట్లకింద పడే ఎండముక్క కోసం గిరగిరా తిరుగుతూ పోట్లాడుకుంటాయి. ఇది మసకచీకట్లో గానీ బయటికి రాదు. వానాకాలం కాబట్టి కంటిచుక్కలు అంత స్పష్టంగా ఉన్నాయి, ఎండాకాలంలో పుట్టేది అచ్చం ఎండుటాకే. రెండూ చెట్లనీడవే గానీ, వాటి గొంగళిపురుగులు తినేది గడ్డి. దీనికైతే వరి కూడా.

"వరి తింటుందా? మరి దీన్ని కొక్కెంతో లాగవా తాతయ్యా?"

"ఇదెంత తింటాదే..."

"అందంగా ఉందని వదిలేశావు."

నాన్న ఏమీ అనలేదు. పొద్దున్నే ప్రహరీ పక్క దుంగ చీలిస్తే తెల్లటి పురుగులు వంకర తిరిగి పడుకునున్నాయి. ఒకదాన్ని పెంటమట్టితో కుండలో వేసి మనవరాలికిచ్చారు.

"రెక్కలొచ్చే లోపల నువ్వు ఎలాగూ ఎల్లిపోతావు. ఆనక నా ఇష్టం."